యూనిఫాంలో ఉన్నప్పుడు కాఫీ, టిప్పు: కొత్తగా చేరిన ఒక క్యాబిన్ క్రూ అమ్మాయికి సమాధానం

కర్నూలు నుంచి వచ్చి, శిక్షణ ముగించుకుని, బెంగళూరు బేస్‌లో క్యాబిన్ క్రూగా చేరబోతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నలివి. అర్ధరాత్రి ఇంటికి వచ్చే క్యాబ్ డ్రైవరుకు టిప్పు ఇవ్వాలా? యూనిఫాంలో ఉండి ఎయిర్‌పోర్టు కాఫీ షాపు వరుసలో నిలబడవచ్చా? సీనియర్లు అందరికీ కాఫీ తెమ్మంటే డబ్బులు ఎవరు పెట్టాలి? హోటల్లో ఎవరికి ఎంత ఇవ్వాలి? ప్రయాణికులు చేతిలో నోటు పెడితే ఏం చేయాలి? చివర్లో, "చిన్న విషయాలే అక్కా, కానీ ఎవరిని అడగాలో తెలియలేదు" అని రాశారు.

ఇవి చిన్న విషయాలు కావమ్మా. ఈ ఉద్యోగంలో పదహారేళ్లు గడిపాను, అందులో పదకొండేళ్లు బెంగళూరులోనే. శిక్షణలో అత్యవసర ద్వారం తెరవడం నేర్పుతారు, మంటలు ఆర్పడం నేర్పుతారు, నీళ్లలో తెప్ప విప్పడం నేర్పుతారు. తెల్లవారుజామున మూడింటికి మనకోసం మేల్కొని ఉన్న మనుషులతో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ పాఠంగా చెప్పరు. మొదటి మూడు నెలల్లో కొత్త పిల్లలు విమానంలో కంటే ఇక్కడే ఎక్కువ తడబడతారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు క్యాబ్ సంగతి. మీ పికప్ 2.40 అని రోస్టరులో, అంటే డ్యూటీ పట్టికలో, ఉంటే, డ్రైవరు 2.20కే మీ వీధి చివర బండి ఆపుకుని ఉంటాడు. కిరాయి కంపెనీ చెల్లిస్తుంది, డ్రైవరుకు జీతం కాంట్రాక్టరు ఇస్తాడు. లెక్క ప్రకారం మీరు ఆయనకు రూపాయి కూడా బాకీ లేరు. రోజూ టిప్పు ఇచ్చే ఆనవాయితీ కూడా లేదు, మీరు మొదలుపెట్టనూ వద్దు. రోజూ ఇస్తే అది నాలుగు వారాల్లో మామూలు అయిపోతుంది. మీరు ఇవ్వగలరు కాబట్టి ఇస్తారు. మీ తర్వాత అదే క్యాబ్ ఎక్కే పిల్లకు ఇంకా మొదటి జీతం కూడా రాకపోవచ్చు. ఆమె చేయి ఖాళీగా ఉన్నందుకు నొచ్చుకునే పరిస్థితి మనం తీసుకురాకూడదు.

మరి ఎప్పుడు ఇవ్వాలి? ఆయన తన పనిని దాటి మీకోసం ఏదైనా చేసినప్పుడు. లిఫ్టు పాడైన రోజు మూడో అంతస్తు నుంచి మీ సూట్‌కేసు దించాడు. ఐడీ కార్డు మరిచిపోతే ఎయిర్‌పోర్టు దారిలోని హెబ్బాళ దాకా వెళ్లి కూడా విసుక్కోకుండా బండి వెనక్కి తిప్పాడు. విమానం మూడు గంటలు ఆలస్యమైనా పార్కింగులో మీకోసం కాచుకుని ఉన్నాడు. అలాంటి రోజు 50 రూపాయలో, 100 రూపాయలో ఇవ్వండి. రాత్రి ప్రయాణాల్లో ఆడపిల్ల ఒక్కతే ఉంటే చాలా కంపెనీలు ముందు సీట్లో ఒక గార్డును పంపుతాయి. డ్రైవరుకు ఇచ్చి గార్డును మరిచిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఇద్దరూ ఒకే రాత్రి మేల్కొన్నారు. ఇస్తే ఇద్దరికీ ఇవ్వండి.

ఇచ్చే తీరు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, ఒక డ్రైవరు వానలో తడుస్తూ నా సామాను లోపలికి చేర్చాడు. నేను హడావుడిగా ఒక ఇరవై నోటు సీటు మీద పడేసి, "టీ తాగు" అని దిగిపోయాను. ఆయనకు మా నాన్న వయసు ఉంటుంది. బాగేపల్లి మనిషి, ఇంట్లో మాట్లాడేది తెలుగే. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, హిందూపురం వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు ఈ ఎయిర్‌పోర్టు దారిలో చాలామంది ఉంటారు, మన మాట వాళ్లకు బాగా అర్థమవుతుంది. ఆయన కిందకు దిగి, ఆ నోటు మడిచి నా చేతిలో పెట్టి, "టీ తాగే వచ్చానమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది. ఆ రోజు నుంచి నోటు ఎప్పుడూ చేతికే ఇస్తాను, మనిషి ముఖం చూసి, "మీరు" అని పిలిచి, ఎందుకు ఇస్తున్నానో ఒక మాట చెప్పి ఇస్తాను. "వానలో చాలా శ్రమపడ్డారు, ఉంచండి" అంటే చాలు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, రాత్రంతా ఎగిరి ఉదయం ఏడింటికి తిరిగి వస్తుంటే, యలహంక దగ్గర ఆయనే బండి ఆపి, ఒక దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, బై టూ కాఫీ చెప్పాడు. బెంగళూరుకు కొత్త కాబట్టి మీకు తెలియకపోవచ్చు. బై టూ అంటే ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పంచడం. ఇక్కడ అది పిసినారితనం కాదు, స్నేహం. సగం గ్లాసు నాకు ఇచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే వద్దన్నాడు. నేను బలవంతపెట్టలేదు. కాఫీ తాగాను.

డ్రైవర్లకు నిజంగా చేయి విప్పాల్సిన రోజు ఏడాదికి ఒకటి ఉంది, అది ఆయుధపూజ. దసరాల్లో ఆ ఉదయం బెంగళూరులో బండి అన్నది పూలు లేకుండా కనిపించదు. బానెట్ మీద బంతిపూల దండ, అటూ ఇటూ కట్టిన అరటి పిలకలు, అద్దానికి పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. కోసిన బూడిద గుమ్మడికాయలో కుంకుమ నింపి బండి ముందు తిప్పి పగలగొడతారు. ఇదంతా డ్రైవరు తన చేతి డబ్బుతోనే చేసుకుంటాడు చాలాసార్లు. మా బృందం వాళ్లం ఆ వారం తలా 200 వేసుకుని, తరచూ వచ్చే డ్రైవర్లకు కవరులో పెట్టి, ఒక స్వీట్ల పొట్లంతో కలిపి ఇస్తాం. ఏడాదంతా పదీ ఇరవై ఇచ్చినదానికంటే ఇది వాళ్లకు ఎక్కువ అక్కరకొస్తుంది. మీరు చేరిన చోట ఆ అలవాటు లేకపోతే మీరే మొదలుపెట్టండి, ఎవరూ కాదనరు.

ఇక కాఫీ. రాత్రి డ్యూటీకి మంచి కాఫీ దొరికేది మీ వంటింట్లోనే. ఇది నేను ఎన్నో ఏళ్లు ఎయిర్‌పోర్టు కాఫీల మీద డబ్బు తగలేసి తెలుసుకున్న సంగతి. పడుకునే ముందు ఫిల్టరు పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేసి, జల్లెడ బిళ్లతో మెల్లగా అదిమి, మరిగిన నీళ్లు పోసి మూత పెట్టి పడుకోండి. గట్టిగా అదిమితే డికాక్షన్ దిగదు, వదులుగా ఉంటే పలచగా కారిపోతుంది. 1.45కి లేచేసరికి కింది గిన్నెలో నల్లటి డికాక్షన్ సిద్ధంగా ఉంటుంది. పాలు కాచుకుంటే రెండు నిమిషాల పని. పొడి కొనేటప్పుడు మల్లేశ్వరంలోనో గాంధీబజారులోనో మీ కళ్ల ముందు గింజలు ఆడించే అంగడికి వెళ్లండి. ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ అనే రెండు రకాల గింజలు సగం సగం, చికోరి వందకు ఇరవై పాళ్లు, ఇది నా కొలత. ప్యాకెట్ కొంటే మాత్రం వెనక చిన్న అక్షరాలు చదవండి. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ చికోరి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే చికోరి 49 దాకా ఉండవచ్చన్నమాట. అంత చికోరి ఉన్న పొడిలో రంగు చిక్కగా ఉంటుంది, నిద్ర ఆపే సత్తువ తగ్గుతుంది.

ఎప్పుడు తాగాలన్నది ఎంత తాగాలన్నదానికంటే ముఖ్యం. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య శరీరం అన్నిటికంటే మందగిస్తుంది, మనకు శిక్షణలో చెప్పేది కూడా అదే. ఆ వేళకు ముందు ఒక కప్పు, మధ్యలో అర కప్పు చాలు. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఉదయం ఎనిమిదికి ఇంటికి చేరి పడుకోవాలనుకునే మనిషి ఆరున్నరకు చివరి సెక్టారులో, అంటే ఆ డ్యూటీలోని చివరి ప్రయాణంలో, పెద్ద కప్పు తాగితే, తెర వేసుకుని మంచం మీద కళ్లు తెరుచుకుని ఉండాల్సిందే. అలా రెండు రోజులు నిద్ర పోగొట్టుకుని మూడో రోజు డ్యూటీకి వచ్చే పిల్లల్ని చూస్తే నాకు బెంగగా ఉంటుంది.

ఎయిర్‌పోర్టు కాఫీ షాపు ప్రశ్నకు వస్తాను. వరుసలో నిలబడవచ్చు, కానీ వరుసలోనే నిలబడాలి. యూనిఫాం వేసుకున్న మనిషి ముందుకు దూరితే వెనక నిలబడ్డ నలుగురూ గమనిస్తారు. వాళ్లలో ఇద్దరు మీ విమానమే ఎక్కవచ్చు. ఎవరైనా ప్రయాణికుడు "మీరు ముందు తీసుకోండి" అని దారి ఇస్తే, నిజంగా తొందర ఉంటేనే తీసుకుని, ఆయనకూ కౌంటరు వెనక ఉన్నవాళ్లకూ ధన్యవాదాలు చెప్పండి. అంతకంటే మంచి మార్గం ఒకటి ఉంది: విమానానికి ముందు బృందమంతా కలిసే బ్రీఫింగు ముగిసి సెక్యూరిటీ దాటిన వెంటనే, గేటు దగ్గరికి వెళ్లకముందే కాఫీ చెప్పేయండి. బోర్డింగు దగ్గర పడ్డాక కౌంటరు ముందు గడియారం చూస్తూ నిలబడితే, కాఫీ కలిపే పిల్లాడి చేతులు వణుకుతాయి. సిబ్బందికి తగ్గింపు ఇచ్చే షాపులు కొన్ని ఉంటాయి. ఎంట్రీ పాస్ చూపించి ఒకసారి మర్యాదగా అడగండి. లేదంటే అక్కడితో వదిలేయండి. తగ్గింపు కోసం వాదించడం యూనిఫాంలో చేయకూడని పని.

అక్కడ టిప్పు పెట్టాలా అంటే, కౌంటరు దగ్గర తీసుకునే కాఫీకి మన దేశంలో టిప్పు ఆనవాయితీ లేదు. మీరు రోజూ వెళ్లే షాపు అయితే, మీ ముఖం చూడగానే "చక్కెర తక్కువ కదా" అని గుర్తుపెట్టుకునే మనిషి ఉంటే, నెలకు ఒకసారి డబ్బాలో 50 వేయండి. ఇప్పుడు అందరూ ఫోనుతో స్కాన్ చేసి చెల్లిస్తారు కాబట్టి చిల్లర మిగలదు, టిప్పు డబ్బా ఖాళీగా ఉంటుంది. ఫోనులో ఎక్కువ వేస్తే అది యజమాని ఖాతాకు వెళ్తుంది, గ్లాసు అందించిన చేతికి చేరుతుందో లేదో మనకు తెలియదు. అందుకే నా యూనిఫాం హ్యాండ్‌బ్యాగు చిన్న అరలో పది, ఇరవై, యాభై నోట్లు ఎప్పుడూ ఉంటాయి. మొదటి జీతం రాగానే మీరు కూడా బ్యాంకుకు వెళ్లి ఒక చిన్న కట్ట తీసుకోండి.

ఇప్పుడు మీరు మొహమాటంగా అడిగిన ప్రశ్న: సీనియర్లు అందరికీ కాఫీ తెమ్మంటే డబ్బులు ఎవరివి? తెచ్చేది జూనియర్ కావచ్చు, అందులో తప్పులేదు. నేనూ తెచ్చాను. డబ్బులు మాత్రం తాగేవాళ్లవి. ఎయిర్‌పోర్టులో ఒక కాఫీ సులువుగా 200 దాటుతుంది. ఆరుగురికి తెస్తే మీ చేతి నుంచి వెయ్యికి పైగా పోతుంది. కొత్త పిల్లకు అది తమాషా కాదు, ఇంటి అద్దె డబ్బు. ఒక అమ్మాయి ఇలా నెలంతా తెచ్చి, అడగలేక, నెలాఖరుకు ఇంటికి డబ్బు పంపలేక విమానం వంటగదిలో, అంటే గ్యాలీలో, తెర వెనక కన్నీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. ఆమె చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఎవరో ఒకరు ఇచ్చి ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు.

అందుకే తీసుకొచ్చే ముందే అడగండి. "ఆరు కాఫీలు 1,320 అవుతాయి, నా నంబరుకు పంపేస్తారా, వెళ్లి తీసుకొస్తాను" అని బ్రీఫింగు గదిలోనే నవ్వుతూ చెప్పండి. తెచ్చాక అడగడం కష్టం, తేకముందు అడగడం పద్ధతి. ఎవరూ తప్పుగా అనుకోరు. లీడ్‌గా, అంటే క్యాబిన్ బృందానికి పెద్దగా, ఉన్నవాళ్లు ఈ సమాధానం చదువుతుంటే వాళ్లకూ ఒక మాట: ఆ విమానంలో అందరికంటే కొత్తగా వచ్చిన పిల్లకు మొదటి రోజు కాఫీ మీరు ఇప్పించండి. నాకు నా మొదటి లీడ్ ఇప్పించింది. ఆమె ఉద్యోగం మానేసి పదేళ్లయింది. ఆ కప్పు వేడి ఇంకా నా చేతికి తెలుసు.

బిల్లు గురించి ఒక ముఖ్యమైన సంగతి. కూర్చుని తినే చోట్ల కొన్నిసార్లు బిల్లులో సర్వీస్ ఛార్జి అని అదనంగా వేస్తారు. అది పన్ను కాదు. బిల్లులో దాన్ని తమంతట తాముగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. కనిపిస్తే తీసేయమని నెమ్మదిగా చెప్పండి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అలా తీసేయించినప్పుడు ఆ డబ్బులో కొంత, వడ్డించిన మనిషి చేతికి నేరుగా ఇవ్వండి. తీసేయించుకుని ఏమీ ఇవ్వకుండా లేచి వస్తే నష్టపోయేది ఆ సర్వరే.

బెంగళూరు దర్శినుల్లో ఈ తలనొప్పి ఏదీ లేదు. డబ్బు కట్టి టోకెను తీసుకుని, కౌంటరు దగ్గర ఇచ్చి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి తాగేయడమే. ఎవరూ వడ్డించరు, ఎవరూ టిప్పు ఎదురుచూడరు. తాగిన గ్లాసు తొట్టిలో పెట్టండి, బల్ల మీద వదిలేయకండి. అక్కడ మర్యాద అంటే అదే.

చెన్నై లేఓవరులో, అంటే రెండు విమానాల మధ్య అక్కడ ఆగినప్పుడు, పద్ధతి వేరు. అక్కడ కూర్చోబెట్టి వడ్డిస్తారు. సర్వరు డబరా గ్లాసు తెచ్చి మీ ముందు పెట్టి, నురగ పొంగేలా ఒకసారి ఎత్తి తిరగపోసి ఇస్తే, ఆ పొడవాటి ధార చూడటానికే కాఫీ తాగాలనిపిస్తుంది. పదో ఇరవయ్యో బిల్లు పళ్లెంలో వదలడం అక్కడ రివాజు. ఆకు తీసి బల్ల తుడిచే మనిషి వేరుగా ఉంటాడు, ఆయన ఆ పళ్లెం ముట్టుకోడు. నేను ఆయనకు పది రూపాయలు విడిగా చేతికి ఇస్తాను. మీనంబాక్కం నుంచి ఊళ్లోకి వెళ్లడానికి ఎయిర్‌పోర్టు నుంచే మెట్రో ఉంది, ఎదురుగా తిరుసూలం స్టేషన్‌లో లోకల్ రైలూ ఉంది. మూడు గంటల విరామం ఉంటే హోటల్ గదిలో పొడి ప్యాకెట్ కలుపుకుని తాగకుండా, ఒక మంచి మెస్సుకు వెళ్లి రండి. యూనిఫాం మార్చుకుని మాత్రమే వెళ్లండి.

లేఓవరు హోటల్లో నేను పాటించేది ఇది. సామాను గదికి తెచ్చిన మనిషికి 50. బృందమంతా ఒకేసారి దిగినప్పుడు ఎవరికి వాళ్లు ఇవ్వకుండా, లీడ్ దగ్గర తలా కొంత పోగుచేసి ఇవ్వడం మేలు. లేకపోతే ఒకరు ఇస్తారు, ఐదుగురు నేల చూపులు చూస్తారు. గది శుభ్రం చేసేవాళ్లకు రోజుకు 50, బయలుదేరే చివరి రోజు కాదు, ఏ రోజుకు ఆ రోజు. ఎందుకంటే మనిషి మారిపోతుంది. దిండు మీద ఊరికే నోటు పెడితే వాళ్లు ముట్టుకోరు, మరిచిపోయిన డబ్బు అనుకుని కిందకు అప్పగిస్తారు. ఒక కాగితం మీద "గది శుభ్రం చేసినవారికి, ధన్యవాదాలు" అని రాసి దాని మీద పెట్టండి. మనం అందరికంటే ఎక్కువగా మరిచిపోయేది రాత్రి డ్యూటీ వంటవాళ్లను. పికప్ నాలుగింటికి, టిఫిను మొదలయ్యేది ఆరున్నరకు. ముందు రోజు రాత్రే రిసెప్షన్‌లో చెబితే ఒక పొట్లం, ఒక ఫ్లాస్కు కాఫీ సిద్ధం చేస్తారు. ఆ కాఫీ కలిపిన మనిషి ఎవరో అడిగి తెలుసుకుని, కనిపిస్తే చేతికే ఇవ్వండి.

విదేశాల విషయం మీకు ఇప్పుడే అవసరం ఉండకపోవచ్చు, క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో టిప్పు మనసు మీద ఆధారపడిన విషయం కాదు, అది వాళ్ల జీతంలో భాగం. అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం టిప్పు అందుకునే ఉద్యోగికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇచ్చినా సరిపోతుంది, మిగతాది టిప్పుల నుంచి రావాలి. ఆ అంకె 1991 నుంచి మారలేదు. కొన్ని రాష్ట్రాలు అంతకంటే ఎక్కువ ఇవ్వాలంటాయి. హోటల్ వ్యాను డ్రైవరు మీ పెట్టెలు ఎత్తితే తలా ఒకటి రెండు డాలర్లు ఇవ్వకుండా దిగకండి. జపాన్‌లో అసలు ఇవ్వకండి, బల్ల మీద వదిలిన చిల్లర పట్టుకుని మీ వెనకే పరుగెత్తుకొస్తారు. సింగపూర్ రెస్టారెంట్లలో సాధారణంగా పది శాతం సర్వీస్ ఛార్జి బిల్లులోనే ఉంటుంది. అక్కడి బడ్డీల్లో కోపి పేరుతో దొరికే కాఫీకి ఎవరూ టిప్పు ఇవ్వరు.

విమానంలో కాఫీ గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకుండా ఉండలేను. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత దాకా తగ్గవచ్చు. ఆ ఎత్తులో నీళ్లు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గాలి బాగా పొడిగా ఉండి ముక్కు వాసన సరిగ్గా పట్టదు. కాఫీ రుచి సగం పైగా వాసనే కాబట్టి, కింద బాగున్న పొడి పైన చప్పగా అనిపిస్తుంది. అందుకే నీళ్లు తక్కువ పోయండి. ప్రయాణికుడికి ఇచ్చేటప్పుడు కప్పు మూడింట రెండు వంతులే నింపి, ట్రే మీద పెట్టి అందించండి. కప్పును నేరుగా మనిషి ఒడి మీదుగా చాచకండి. కుదుపులు మొదలైతే వేడి పానీయం ఆపేయాలి, ఎవరు ఎంత అడిగినా సరే.

కాక్‌పిట్‌కు కాఫీ ఇవ్వడం మాత్రం ఒక దీక్షలాగా చేయాలి. పదివేల అడుగుల కింద ఉన్నప్పుడు కాఫీ ఊసే ఎత్తకూడదు. పైకి వెళ్లాక ముందు ఇంటర్‌ఫోనులో అడగండి. కప్పుకు మూత గట్టిగా పడిందో లేదో బొటనవేలితో అంచు చుట్టూ ఒత్తి చూడండి. లోపలికి వెళ్లాక, ఇద్దరు పైలట్ల మధ్య ఉన్న మీటల దిమ్మె మీదుగా ఎప్పుడూ చాచకండి. కెప్టెన్ ఎడమ వైపు కూర్చుంటారు కాబట్టి ఆయనకు ఎడమ భుజం పక్క నుంచి, ఫస్ట్ ఆఫీసరుకు కుడి భుజం పక్క నుంచి అందించండి. వాళ్ల వేళ్లు కప్పు చుట్టూ బిగుసుకుని "తీసుకున్నాను" అనే మాట వినిపించాకే మీ చేయి వదలాలి.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మెక్సికోలోని కాంకూన్‌కు వెళ్తున్న ఒక ఎయిర్‌బస్ ఎ330లో, మూత లేని కాఫీ కప్పు ఒలికింది. ఎక్కువ భాగం కెప్టెన్ ఒడిలో పడింది, కొంచెం మాత్రం పక్కనున్న ఆడియో కంట్రోల్ ప్యానెల్ మీద పడింది. ఆ కొంచెంతోనే ప్యానెల్ వేడెక్కి పొగ వచ్చింది. అట్లాంటిక్ మీద ఎగురుతున్న విమానాన్ని ఐర్లాండ్‌లోని షానన్‌కు మళ్లించాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఎ350 విమానాల్లో మధ్య దిమ్మె మీద పానీయం ఒలికి ఇంజను ఆగిన సంఘటనలు రెండు బయటపడ్డాక, ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఆ కాక్‌పిట్‌లో ద్రవాలు తేకూడని చోటును నిర్దేశించింది. ఒక కప్పు కాఫీ చేసే పని అది.

చివరగా ప్రయాణికులు ఇచ్చే డబ్బు. తీసుకోకూడదు. మన దగ్గర కంపెనీలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా నేను తీసుకోను. మనం ఆ విమానంలో ముందు భద్రతా సిబ్బంది, ఆ తర్వాతే కాఫీ ఇచ్చేవాళ్లం. మనకు డబ్బు ఇచ్చిన ప్రయాణికుడికి సీటు బెల్టు పెట్టుకోమని గట్టిగా చెప్పడం కష్టమవుతుంది. కాఫీ అమ్మే విమానాల్లో ఇంకో చిక్కు ఉంది. 200 కాఫీకి 500 ఇచ్చి "ఉంచుకోండి" అంటారు. అక్కడికక్కడే చిల్లర లెక్కపెట్టి ఇచ్చేయండి. దిగాక నగదు లెక్క అప్పజెప్పేటప్పుడు తక్కువ వచ్చినా ప్రశ్నే, ఎక్కువ వచ్చినా ప్రశ్నే. చిల్లర లేకపోతే ఆయన సీటు నంబరు చీటీ మీద రాసుకుని, దిగేలోపు తెచ్చి ఇవ్వండి.

కానీ మనవాళ్లు ఇచ్చే డబ్బు అన్నివేళలా టిప్పు కాదు, అక్కడే మనసు కష్టపడుతుంది. కువైట్ నుంచి బెంగళూరు వచ్చే విమానంలో ఒకసారి రాజంపేట వైపు పెద్దావిడ ఉంది. ఎన్నో ఏళ్లు అక్కడ ఇళ్లల్లో పనిచేసి తిరిగి వస్తోంది. చదువు రాదు. నేను తెలుగులో పలకరించగానే నా చేయి పట్టుకుని వదల్లేదు. తన సామాను ఎక్కడ తీసుకోవాలో, బయట కొడుకు ఏ ద్వారం దగ్గర ఉంటాడో ఒక కాగితం మీద పెద్ద గీతలతో బొమ్మ వేసి ఇచ్చాను. దిగేటప్పుడు కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన వంద నోటు నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసేసింది. "పసుపు కుంకుమకు ఉంచుకో తల్లీ" అంది.

అలాంటప్పుడు "రూల్స్ ఒప్పుకోవండీ" అని అనకండి. ఆ మాట వాళ్లకు చెంపదెబ్బలా తగులుతుంది. నేను ఆ నోటును కళ్లకద్దుకుని, "నాకు అందిందమ్మా, ఇది నా తరఫున మీ మనవరాలికి ఇవ్వండి" అని మళ్లీ ఆమె చేతిలోనే పెట్టి, వంగి కాళ్లకు దండం పెట్టాను. ఆమె తల మీద చేయి వేసింది. పైసా చేతులు మారలేదు, ఆమెకు చిన్నతనమూ కలగలేదు.

చాక్లెట్ పెట్టె, ఊరగాయ సీసా లాంటివి ఇస్తే వద్దని గట్టిగా లాగకండి. తీసుకుని వెంటనే లీడ్‌కు చూపించి, మీ కంపెనీ నియమం ఏమంటే అది చేయండి. చదువుకున్న ప్రయాణికులు ఏదో ఒకటి ఇస్తామని పట్టుబడితే, మీ పేరు, విమానం నంబరు, తేదీ రాసి కంపెనీకి రెండు వాక్యాలు పంపమని అడగండి. ఆ ఉత్తరం మీ ఫైలులో ఉంటుంది, పదోన్నతి వేళ పైకి వస్తుంది. మీ మొదటి రోస్టరు వచ్చాక పికప్ సమయాలు చూసి ఇంకేమైనా సందేహం వస్తే ఇక్కడే రాయండి. రాత్రి విమానాలు లేని రోజు తప్పకుండా జవాబిస్తాను.